నూటికి నూరు సమానం

నాణ్యత మీద మూడు రోజుల కార్యశాలకు వెళ్ళి తిరిగి వచ్చిన రోజు నుంచి మా డీన్ ఆచార్య కొమ్మూరి శేషావతారం గారికి ఏదీ దేనికీ సమానంగా కనిపించడం మానేసింది.

అంతకు ముందు ఆయన అందరిలాంటి మనిషే. సంతకం ఎక్కడ పెట్టాలో చూపిస్తే అక్కడ పెట్టేవారు. మాది తీరాంచల విశ్వవిద్యాలయం. పుట్టి పన్నెండేళ్ళయింది. అందులో నేను సమానార్హతల విభాగం సూపరింటెండెంటును, పేరు చింతాడ సూర్యం. వేరే విశ్వవిద్యాలయంలో కొంత చదివి మిగతాది మా దగ్గర చదువుతామని వచ్చేవాళ్ళ కాగితాలు నా బల్ల మీదికి వస్తాయి. అక్కడి పాఠాలు మా పాఠాలతో నూటికి డెబ్బై అయిదు పాళ్ళు కలిస్తే సరేననేవాళ్ళం. కలవని ఒకటి రెండు పేపర్లు మళ్ళీ రాయించుకునేవాళ్ళం. ఏడాదికి ముప్పై నలభై మంది వచ్చేవారు, చేరేవారు, చదువు ముగించుకుని వెళ్ళిపోయేవారు. వాళ్ళెవరో కూడా మాకు గుర్తుండేది కాదు. చెడ్డ రోజులు.

కార్యశాల నుంచి వచ్చిన మర్నాడు డీన్ గారు నన్ను పిలిచారు.

"ఏమయ్యా సూర్యం, డెబ్బై అయిదు శాతం సమానమంటే అర్థమేమిటి?"

"నాలుగింట మూడు వంతులు కలిసిందని సార్."

"నాలుగో వంతు కలవలేదని. కలవనిదానికి సమానమని పన్నెండేళ్ళుగా ధ్రువపత్రాలు ఇస్తున్నాం. ఇది విద్యాపరమైన నేరం కాదా?"

"పోనీ తొంభై చేద్దామా సార్?" అన్నాను.

ఆయన నా వంక జాలిగా చూశారు. "తొంభై తొమ్మిది చేసినా ఒకటి మిగులుతుంది. ఆ ఒక్కటే అసమానత. సమానమంటే నూటికి నూరు."

కొత్త నియమావళి నాచేతే రాయించారు. ఏడో నియమం నేను ఇలా రాశాను: "బయటి సంస్థల నుంచి విద్యార్థులు పొందిన అర్హతలు, సమానార్హతల కమిటీ ధ్రువీకరించే వరకు ఈ విశ్వవిద్యాలయంలో చెల్లవు." డీన్ గారు అందులో 'విద్యార్థులు' కొట్టేసి, పైన 'వ్యక్తులు' అని రాశారు.

"నియమానికి హుందాతనం ఉండాలయ్యా. విద్యార్థి అనేసరికి మాట చిన్నదైపోతోంది."

వైస్‌ఛాన్సలర్ గారు ఆ రోజు ఏదో ప్రారంభోత్సవానికి బయలుదేరుతూ కారులో కూర్చుని సంతకం పెట్టారు. నెల తిరక్కుండానే జాతీయ నాణ్యతా బృందం నుంచి మా నియమావళిని మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది. దానికి చట్రం కట్టించి వి.సి. గారి గదిలో గోడకు తగిలించాం.

ఆ నియమావళి కిందికి మొట్టమొదట వచ్చిన అమ్మాయి రొంగలి దమయంతి.

తల్లి నీలమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. దమయంతి పక్క జిల్లాలో బి.ఎస్సీ. కెమిస్ట్రీ రెండేళ్ళు చదివింది. నాలుగో సెమిస్టరు పరీక్షలయిన నెలకే ఆ ప్రైవేటు కాలేజీ మూతపడింది. ఆ భవనంలో ఇప్పుడు పెళ్ళిళ్ళు చేస్తున్నారట. నీలమ్మకు ఇటువైపు రొయ్యల ఫ్యాక్టరీలో పని దొరికితే ఇద్దరూ ఇటు వచ్చేశారు. సెలవుల్లో కూతురు కూడా తల్లి పక్కనే నిలబడి రొయ్యలు ఒలుస్తోంది. కాగితాలు అందిస్తున్నప్పుడు చూశాను, ఇద్దరి వేళ్ళూ ఐసు నీళ్ళలో నాని తెల్లగా ముడతలు పడి ఉన్నాయి.

"రెండేళ్ళు సదివీసింది బాబూ, ఇంకొక్క ఏడే" అంది నీలమ్మ. "మా ఫ్యాక్టరీలో లేబరేటరీ ఉన్నాది. రొయ్యల్లో మందులున్నాయో లేవో సూస్తారు. డిగ్రీ కాయితం తెస్తే పిల్లని అందులో ఏసుకుంటానని మేనేజరు బాబు సెప్పినాడు. వొచ్చే జూను దాకా ఆ కుర్సీ కాళీగా ఉంచుతాడట. ఆ పైని ఉంచడు."

"అమ్మా, సార్‌కి అదంతా ఎందుకు?" అంది దమయంతి.

"ఎందుకేటి? ఆలస్యం సెయ్యకుండా ఉంటారని సెప్తన్నాను."

ఫైలు తెరిచి చూశాను. మార్కుల జాబితాలు, టి.సి., మైగ్రేషన్, సిలబస్ నకలు, అన్నీ వరసగా ఉన్నాయి. పది పాయింట్లకు సగటు ఎనిమిది పాయింట్ నాలుగు. ఎక్కడా ఒక్క లోపం లేదు. లోపం లేని ఫైలును చూస్తే మా విభాగంలో మాకు కాస్త భయం వేస్తుంది, దాన్ని ఎక్కడ ఆపాలో తెలియదు కనుక.

ఆ బెంగ డీన్ గారికి లేదు. కమిటీ సమావేశం పెట్టించారు. ఆయన అధ్యక్షులు. ఆయనది రాజనీతి శాస్త్రం. రసాయన శాస్త్రం తరఫున డాక్టర్ పిసిని ముఖలింగం వచ్చారు. ఆయన మా దగ్గర చేరి ఏడాదయింది. మెత్తని మనిషి, తలుపును కూడా అనుమతి అడిగి తోస్తారు. చర్చ రాసుకోవడానికి నేను ఒక మూల కూర్చున్నాను.

"ఈ అమ్మాయి అక్కడ చదివింది 'కర్బన రసాయన శాస్త్రం'. మన దగ్గర ఉన్నదేమిటి?" అని అడిగారు డీన్ గారు.

"'సేంద్రియ రసాయన శాస్త్రం' సార్" అన్నారు ముఖలింగం. "రెండూ ఒకటేనండి. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే మాట."

"మనం తెలుగులో కదా మాట్లాడుకుంటున్నాం. సేంద్రియమంటే నాకు తెలియకపోలేదు. మా ఇంట్లో వాడేవి సేంద్రియ కూరగాయలే. కర్బనమంటే బొగ్గు. బొగ్గూ వంకాయా సమానమని ఈ కమిటీ చేత రాయిస్తారా?"

ముఖలింగం గారు రాయించలేదు.

తర్వాత ప్రయోగశాల. అక్కడ వాళ్ళు ద్రావణాలు కొలవడానికి వాడిన బ్యూరెట్టు యాభై మిల్లీలీటర్లది. మాది ఇరవై అయిదు.

"అంటే ఆ అమ్మాయి మనవాళ్ళు చేసినదాంట్లో సగమే చేసిందన్నమాట" అన్నారు డీన్ గారు.

"కాదండి, గొట్టం పెద్దది. ఆ లెక్కన రెట్టింపు..."

"రెట్టింపు మాత్రం సమానమవుతుందా?"

గ్రేడ్ల దగ్గర చర్చ లోతుకు వెళ్ళింది. అక్కడ 'ఎ' అంటే ఎనిమిది పాయింట్లు. మా దగ్గర 'ఎ' అంటే తొమ్మిది. అక్షరం చూసి 'ఎ' ఇస్తే పాయింటు దానం చేసినట్టు. పాయింట్లు చూసి ఎనిమిది ఇస్తే మా లెక్కలో అది 'బి'. వాళ్ళు 'ఎ' అన్నదాన్ని మేము 'బి' అంటే తోటి విశ్వవిద్యాలయాన్ని అవమానించినట్టు. అటువంటి అవమానం ఎవరికీ జరగకుండా అసలు గ్రేడే ఇవ్వకూడదని ఏకగ్రీవంగా తీర్మానించారు.

సాయంత్రానికి ఆ అమ్మాయి రెండేళ్ళలో సంపాదించిన ఎనభై ఎనిమిది క్రెడిట్లలో రెండు చెల్లాయి. అవి వాలీబాల్‌వి. కోర్టు కొలతలు, బంతి బరువు రెండు చోట్లా ఒకటేనని నేనే ఫోన్ చేసి కనుక్కున్నాను. దమయంతి మొదటి సంవత్సరం నుంచి చదువుకోవాలి, వాలీబాల్ మాత్రం ఆడనక్కర్లేదు.

మర్నాడు దమయంతి వచ్చి తీర్మానం రెండుసార్లు చదువుకుంది. ఏడవలేదు. సంచిలోంచి అట్ట చిరిగిన నోట్‌బుక్ తీసి నా ముందు పెట్టింది.

"సార్, కర్బన రసాయన శాస్త్రం మాకు అక్కడ చెప్పింది ముఖలింగం సారే."

పేజీ అడుగున ఎర్ర సిరాతో 'చూశాను, పి. ముఖలింగం' అని సంతకం ఉంది. మా దగ్గరికి రాకముందు ఆయన ఆరేళ్ళు ఆ కాలేజీలోనే పాఠాలు చెప్పారు. మొదటి సమావేశంలో ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఇది కొత్త విషయం కనుక కమిటీ మళ్ళీ కూర్చుంది. ఈసారి దమయంతిని కూడా పిలిచారు. నోట్‌బుక్ చూడగానే ముఖలింగం గారి ముఖం విప్పారింది.

"నాదే సార్! ఈ బొమ్మ నేనే వేయించాను. ఈ అమ్మాయి రెండో బెంచీలో కూర్చునేది."

"మన దగ్గర చెబుతున్నదీ ఇదే పాఠమా?" అన్నారు డీన్ గారు.

"ఇదే నోట్సు సార్."

"నిదానంగా ఆలోచించి చెప్పండి డాక్టర్ గారూ. అక్కడి పాఠం ఇక్కడి పాఠానికి సమానమంటే, మూతపడ్డ కాలేజీకి మన విశ్వవిద్యాలయం సమానమని మీరు రాతపూర్వకంగా ఒప్పుకున్నట్టు. మీ ప్రొబేషన్ ఫైలు ఈ నెలలోనే నా దగ్గరకు వస్తోంది."

ముఖలింగం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీసి తుడుచుకున్నారు. దమయంతి ఆయన వంకే చూస్తోంది.

"అక్కడ... అక్కడ సుద్దముక్కలు సరిగ్గా ఉండేవి కావు సార్" అన్నారు చివరికి.

"బోధకుడు ఒక్కరే అయినప్పటికీ సుద్దముక్కలో తేడా ఉన్నందున సమానం కాదు" అని నేను రాసుకున్నాను.

సమావేశం ముగిశాక వరండాలో ఆయన ఆ పిల్ల వెనకాల పరుగులాంటి నడకతో వెళ్ళడం చూశాను.

"అమ్మా, నువ్వు అయిదో సెమిస్టరు క్లాసుకి వచ్చీ. వెనక బెంచీలో కూర్చో. హాజరు వెయ్యలేను. పాఠం మాత్రం వినొచ్చు కదా."

"వస్తాను సార్" అందామె. అంతకు మించి ఏమీ అనలేదు. అనుంటే ఆయనకు తేలిగ్గా ఉండేదేమో.

ఆ మర్నాటి నుంచి దమయంతి పొద్దుట క్లాసులో కూర్చుని, మధ్యాహ్నం ఫ్యాక్టరీకి వెళ్ళేది. హాజరు పట్టీలో లేని విద్యార్థులు ఉండటం మాకు అలవాటు లేదు. హాజరు పట్టీలో ఉండి క్లాసులో లేనివాళ్ళే మాకు తెలుసు.

పదిహేను రోజుల తర్వాత ఆమె నుంచి ఒక అర్జీ వచ్చింది. అందులో ఒక్కటే ప్రశ్న. 'ముఖలింగం సార్ మాకు చెప్పిన పాఠం చెల్లకపోతే, ఆ పాఠం చెప్పిన ఆరేళ్ళ అనుభవం ఇక్కడ ఉద్యోగానికి ఎలా చెల్లింది? సార్ మీద కోపంతో అడగడం లేదు. నాకు తెలియక అడుగుతున్నాను.'

ఇది చూసి డీన్ గారికి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. నియమావళి తెరిచి ఏడో నియమం మీద వేలు పెట్టారు.

"ప్రశ్న సమంజసంగా ఉంది. ఇక్కడ 'వ్యక్తులు' అని ఉంది. ముఖలింగం వ్యక్తే కదా?"

"వ్యక్తే సార్."

"అయితే ఆయన అనుభవం చెల్లదు. మెమో ఇవ్వండి. నియమానికి తన పర భేదం ఉండకూడదు."

మెమో అందుకున్న సాయంత్రం ముఖలింగం గారు నా బల్ల దగ్గరికి వచ్చారు. అనుమతి అడక్కుండానే కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"సూర్యం గారూ, ఒక తెల్ల కాగితం ఇవ్వండి."

ఇచ్చాను. ఆయన తలెత్తకుండా రాశారు. ఆచార్య శేషావతారం గారు వ్యక్తి అవునా కాదా? అయితే, ఆయన డాక్టరేటు ఎక్కడిది? దానికి ఈ విశ్వవిద్యాలయపు సమానార్హత ధ్రువపత్రం ఉందా? రిజిస్ట్రారు గారి ఎం.కాం.కు ఉందా? వి.సి. గారి ఎమ్మెస్సీకి ఉందా?

"ఇది పైకి పంపమంటారా?" అన్నాను.

"పంపండి. నేను ఆ పిల్ల ముందు సుద్దముక్క మాట అన్నాను. ఆ తర్వాత నాకు పోయేదేముంది?"

పంపాను. మా విశ్వవిద్యాలయం పుట్టిందే పన్నెండేళ్ళ కిందట. అందులో పనిచేసే పెద్దవాళ్ళందరూ అంతకు ముందే, ఎక్కడో ఒకచోట చదువుకున్నవాళ్ళు. నా బి.కాం. కూడా బయటిదే. ఏడో నియమం ప్రకారం నియమావళి మీద సంతకం పడ్డ రోజు నుంచి మా అందరి చదువులూ చెల్లడం లేదు. చెల్లడం లేదని తెలియకపోవడం వల్ల పనులు సాగిపోతున్నాయి.

వి.సి. గారు అత్యవసర సమావేశం పిలిచారు.

"ఈ నియమావళి మీద నేను సంతకం పెట్టానా?"

"పెట్టారు సార్" అన్నాను.

"చదివి పెట్టానా?"

"ఆ విషయం ఫైలులో లేదు సార్."

"అయితే ఇప్పుడే రద్దు చేస్తున్నాను. రాసుకో."

రిజిస్ట్రారు గారు గొంతు సవరించుకున్నారు. "క్షమించాలి సార్. రద్దు చేయడానికి అర్హత గల అధికారి కావాలి. ప్రస్తుతానికి తమరి అర్హత ధ్రువీకరణ పెండింగులో ఉంది. పైగా నాణ్యతా బృందం వారి ఉత్తరం తమ వెనకాలే గోడకు ఉంది."

వి.సి. గారు వెనక్కి తిరిగి ఆ చట్రం వంక చూశారు. "పోనీ నాది ధ్రువీకరించండి. దానికెంత సేపు?"

నేను ఆయన పాత మార్కుల జాబితా తీసి లెక్క వేశాను. ఆయన చదివిన రోజుల్లో సెమిస్టర్లు లేవు, ఏడాదికోసారి పరీక్ష. క్రెడిట్లన్న మాటే లేదు.

"మొత్తం సున్నా క్రెడిట్లు సార్."

"సున్నా ఏమిటయ్యా! నేను గోల్డ్ మెడలిస్టును."

"మెడల్‌కి క్రెడిట్లు లేవు సార్. తమరు కాలేజీలో వాలీబాల్ ఏమైనా..."

"లేదు" అన్నారాయన, మొదటిసారి విచారంగా.

అసలు చిక్కు వేరే ఉంది. ధ్రువీకరించాల్సిన కమిటీలో ఉన్నవాళ్ళందరూ ధ్రువీకరణ కావలసినవాళ్ళే. ఎవరో ఒకరు ముందు చెల్లితే గాని ఆయన మిగతావాళ్ళను చెల్లించలేరు. కాబట్టి మా విశ్వవిద్యాలయంలోనే డిగ్రీ తీసుకుని మా దగ్గరే ఉద్యోగం చేస్తున్నవాళ్ళు కావాలి. పన్నెండేళ్ళలో పదిహేను వేల మందికి డిగ్రీలిచ్చాం. వాళ్ళలో మేము ఉద్యోగమిచ్చినవాళ్ళెందరని రెండు రోజులు వెతికితే ఒక్కరు దొరికారు. రికార్డు గదిలో పనిచేసే కోరాడ అప్పలనర్సమ్మ.

ఆవిడకు నలభై ఆరేళ్ళు. మొదట రోజు కూలీ మీద గదులు ఊడ్చేది. తర్వాత రికార్డు గదిలో ఫైళ్ళు అందించే పనికి పెట్టుకున్నాం. ఆ ఫైళ్ళ మధ్యనే కూర్చుని మా దూరవిద్యలో బి.ఎ. చదివింది. ఎకనామిక్స్ మూడో దఫాలో పాసయింది, 'సి' గ్రేడు.

"ఆమె ఇంటర్ ఎక్కడ చదివింది?" అని డీన్ గారు ఆఖరి ప్రయత్నం చేశారు.

"చదవలేదు సార్. అయిదో తరగతితో ఆపేసి, మన ప్రవేశ పరీక్ష రాసి నేరుగా బి.ఎ.లో చేరింది. ఆ పరీక్ష కూడా మనదే."

బయట ఎక్కడా ఏ అర్హతా పొందకపోవడం వల్ల ఆవిడ అర్హతకు ఎక్కడా మచ్చ లేదు. కోరాడ అప్పలనర్సమ్మను సమానార్హతల ఏకసభ్య కమిటీగా నియమిస్తూ ఆ రోజే కాగితం తయారైంది. దాని మీద సంతకం ఎవరి అర్హతతో పడిందని మాత్రం ఎవరూ అడగలేదు.

పిలిపించేసరికి ఆవిడ చీర చెంగుతో ఫైళ్ళ దుమ్ము తుడుచుకుంటూ వచ్చింది. అంతా విని, నా వైపు తిరిగింది.

"నానేటి సెయ్యాలి సూర్యం బాబూ?"

"వచ్చినవాళ్ళ చదువు మన చదువుకి సమానమో కాదో చెప్పాలమ్మా. నూటికి నూరు సమానమైతేనే."

"ఎలాగ తెలుస్తాది?"

"అది కమిటీ ఇష్టం."

ఆవిడ చెంగు దోపుకుని, "అయితే వరస పెట్టి పిలు. ముందు ఎవలు అర్జీ పెట్టినారో ఆలే ముందు" అంది.

ముందు అర్జీ పెట్టింది దమయంతి. కమిటీ గది బయట వరండాలో ఫైళ్ళు పట్టుకుని వి.సి. గారు, రిజిస్ట్రారు గారు, డీన్ గారు, ఆచార్యులందరూ వరసగా నిలబడి ఉన్నారు. క్లాసు నుంచి ఫ్యాక్టరీకి పోతున్న దమయంతిని ఆపి లోపలికి తీసుకెళ్ళాను.

అప్పలనర్సమ్మ ఆమెను ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టింది. ఆ కుర్చీలో అంతవరకు ఏ అర్జీదారూ కూర్చోలేదు.

"సదివినావా అమ్మా?"

"చదివానండి."

"పరీచ్చ రాసినావా?"

"రాశానండి."

"పాసయ్యేవా?"

"అయ్యానండి. మొదటి దఫాలోనే."

"అయితే నాకన్నా బాగానే సదివినావు" అంది అప్పలనర్సమ్మ. నా వైపు తిరిగి, "రాసీ బాబూ, సమానం" అంది.

తర్వాత వి.సి. గారు వచ్చారు. ఆయననూ అవే మూడు ప్రశ్నలు అడిగింది. "కాపీ కొట్నేదు గదా?" అని నాలుగోది కూడా అడిగింది. మగవాళ్ళందరినీ అది అడిగింది. లేదని అందరూ వెంటనే చెప్పారు. డీన్ గారు మాత్రం "ఆ ప్రశ్న కమిటీ పరిధిలోకి రాదు" అన్నారు. అప్పలనర్సమ్మ ఆయన వంక కొంచెం సేపు చూసి, "పోనీలే, రాసీ" అంది.

ముఖలింగం గారు లోపలికి వస్తూనే తనంతట తానే చెప్పారు. "అమ్మా, అక్కడా ఇక్కడా నేను ఒక్కటే పాఠం చెప్పాను. సుద్దముక్కలు కూడా బాగానే ఉండేవి." అది కూడా రాసుకోమని నాకు చెప్పారు. రాసుకున్నాను.

సాయంత్రం నాలుగింటికల్లా అందరి చదువులూ చెల్లాయి. ఒక్కొక్కరికీ విడివిడిగా ఉత్తర్వు తయారుచేస్తానన్నాను.

"ఇన్ని కాయితాలేటి బాబూ? ఒక్క కాయితం మీద పేర్లన్నీ రాసీ. ఒక్క నెంబరు ఏసీ" అంది అప్పలనర్సమ్మ.

కాగితం పొదుపు అనుకున్నాను. ఒకే ఉత్తర్వు, ఒకే నెంబరు. ఒకటో పేరు రొంగలి దమయంతి. రెండోది వైస్‌ఛాన్సలర్ గారు. నలభై మూడోది నేను. అప్పలనర్సమ్మ కింద నిదానంగా, ఒక్కొక్క అక్షరం దిద్దుతున్నట్టు సంతకం పెట్టింది.

అర్హతలు తిరిగి రాగానే అధికారులు చేసిన మొదటి పని ఏడో నియమంలో 'వ్యక్తులు' కొట్టేసి 'విద్యార్థులు' అని రాయడం. డీన్ గారు అక్కడితో ఆగలేదు.

"ఆ అమ్మాయి విషయం ఒక్కటి మిగిలింది సార్" అన్నారు వి.సి. గారి గదిలో. "సవరించిన నియమం ఆమెకు వర్తిస్తుంది. బొగ్గూ వంకాయా సమానమని మన రికార్డుల్లో ఉండిపోకూడదు. ఉత్తర్వులోంచి ఆ ఒక్క పేరు తొలగిద్దాం."

రిజిస్ట్రారు గారు ఉత్తర్వు తెప్పించి చూశారు. మళ్ళీ చూశారు. "ఒకే ఉత్తర్వు సార్. కమిటీ అందరినీ అడిగిన ప్రశ్నలు అవే. ఒకటో పేరుకు ఆ విచారణ చాలదంటే, రెండో పేరుకు కూడా చాలనట్టే."

డీన్ గారు ఉత్తర్వు కోసం చెయ్యి చాపారు.

"ఆ కాగితాన్ని ఎవరూ ముట్టుకోకండి" అన్నారు రెండో పేరు వారు.

దాన్ని ఇనప బీరువాలో పెట్టి తాళం వేశాం. మా విశ్వవిద్యాలయంలో ఇంత భద్రంగా ఉన్న చదువు ఇంకెవరిదీ లేదు.

ఆ సాయంత్రం రికార్డు గదికి వెళ్ళి అప్పలనర్సమ్మను అడిగాను, తెలిసే అలా చేయించిందా అని. ఆవిడ పాత ఫైలుకు తాడు కడుతోంది.

"మా ఇంట్లో తొమ్మిది మందిమి, రేషను కార్డు ఒక్కటే బాబూ. ఒక పేరు తీయిద్దామని ఎల్తే అందరి పేర్లూ ఎగిరిపోతాయి. అందుకే మా ఇంట్లో ఎవలూ ఎవలి పేరూ తీయించరు" అంది.

ఏం కావాలో కోరుకోమని వి.సి. గారు కబురు చేస్తే రికార్డు గదికి ఫ్యాను అడిగింది. అంతకు ముందు ఆరేళ్ళ నుంచి అడుగుతూనే ఉంది. ఈసారి వారంలో వచ్చింది.

దమయంతికి హాజరు పడింది. వెనక బెంచీ నుంచి రెండో బెంచీకి మారింది. ముఖలింగం గారి ప్రొబేషన్ ఫైలు మాత్రం డీన్ గారి బల్ల మీద చాలా కాలం ఉండిపోయింది. ఆయన దాన్ని అడగడం మానేశారు. పాఠం చెప్పేటప్పుడు గొంతు మునుపటి కన్నా పెద్దదయిందని పిల్లలు అనుకునేవారు. మే నెలాఖరున ఫలితాలొచ్చాయి. జూను నాలుగో తారీకున దమయంతి డిగ్రీ కాగితం పట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్ళింది. మేనేజరు మాట నిలబెట్టుకున్నాడు. నీలమ్మ పని మధ్యలో చేతి తొడుగులు విప్పేసి, ల్యాబు అద్దంలోంచి తెల్ల కోటు వేసుకున్న కూతుర్ని చూస్తూ నిలబడిపోతే సూపర్‌వైజరు రెండుసార్లు కేక వేయాల్సి వచ్చిందట. ఆ సంగతి నీలమ్మే మా ఆఫీసుకు వచ్చి చెప్పి వెళ్ళింది. పని మీద కాకుండా మా విభాగానికి ఒక మనిషి రావడం నా సర్వీసులో అదే మొదలు.

రెండేళ్ళు గడిచాయి. దమయంతి పని చేసుకుంటూనే ఎమ్మెస్సీ చదవాలనుకుని పక్క రాష్ట్రంలోని ఒక విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టింది. అక్కడి నుంచి మాకు ఉత్తరం వచ్చింది. మీ బి.ఎస్సీ. మా బి.ఎస్సీ.కి నూటికి నూరు సమానమని తేలలేదు, మీ దగ్గర 'ఎ' అంటే తొమ్మిది, మా దగ్గర 'ఎ' అంటే పది, మీ బ్యూరెట్ల కొలత కూడా తెలియజేయగలరు, అని.

ఆ ఉత్తరం చదివి డీన్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"మన డిగ్రీనే శంకిస్తారా? రసాయన శాస్త్రం ఊరికొకటి ఉంటుందా? బ్యూరెట్టు చిన్నదైతే చదువు చిన్నదైపోతుందా? తోటి విశ్వవిద్యాలయం మీద ఆ మాత్రం నమ్మకం ఉండొద్దా? రాసుకో సూర్యం!"

రాసుకున్నాను. రెండు పేజీల ఉత్తరం. మనిషి కష్టపడి చదివిన చదువును గౌరవించడం గురించి అంత చక్కగా రాసిన ఉత్తరం మా విభాగం నుంచి ఇంతకు ముందెన్నడూ వెళ్ళలేదు. డీన్ గారు మాట్లాడుతున్నంత సేపూ గుమ్మం బయట కొత్త నియమావళి కింద వచ్చిన పదకొండు మంది పిల్లలు ఫైళ్ళు పట్టుకుని నిలబడి ఉన్నారు.

సిలబస్ నకళ్ళ కోసం దమయంతి సాయంత్రం వచ్చింది. పక్క రాష్ట్రం వాళ్ళు ఏమన్నారో చెప్పాను. నవ్వింది.

"మరి ఇప్పుడేం చేస్తావమ్మా?" అన్నాను.

"ఏటి చేస్తానండి" అంది, నకళ్ళను సంచిలో సర్దుకుంటూ. "ఆ యూనివర్సిటీలో రికార్డు గది ఎవరు చూస్తారో కనుక్కుంటాను."